9 రోజుల టైముతో విదేశాల్లో వాలంటీరింగ్‌కి వెళ్ళాలంటే ఎలా చేయాలి

ఉద్యోగం చేసేవాళ్ళకి ఏడాది మొత్తం మీద గట్టిగా చేతికొచ్చే లీవులు ఓ పదీ పదిహేను, అందులో సగం ఊళ్ళో పెళ్ళిళ్ళకీ పండగలకీ పోతాయి. మిగిలిన కాసిని రోజులూ ఎక్కడికో వెళ్ళి ఫోటోలు దిగి రావడం కాకుండా ఎవరికైనా పనికొచ్చేలా వాడదాం అనిపించిన వాళ్ళకోసం ఇది రాస్తున్నా. నేను అలా రెండుసార్లు వెళ్ళా. మొదటిసారి నేపాల్, అక్కడ తప్పు చేశా. రెండోసారి థాయ్‌లాండ్, అది బాగా జరిగింది. ఆ రెండిటికీ తేడా ఎక్కడొచ్చిందో ముందే తెలిస్తే మీరు నేరుగా రెండోదానితోనే మొదలుపెట్టొచ్చు.

1. టికెట్ సంగతి తర్వాత, ముందు పని ఎంచుకోండి

అందరూ ముందు దేశం ఎంచుకుంటారు, తర్వాత ఆఫర్‌లో టికెట్ కొంటారు, ఆ తర్వాత అక్కడ ఏం వాలంటీరింగ్ ఉందా అని వెతుకుతారు. నేనూ అంతే చేశా. నేపాల్‌కి మనకి వీసా అక్కర్లేదు, విమానంలో వెళ్ళడానికి పాస్‌పోర్టు లేకపోయినా ఓటర్ కార్డు సరిపోతుంది, దగ్గర, ఖర్చు తక్కువ, అందుకని కాట్మండులో ఒక పిల్లల హోమ్‌లో 8 రోజులు ఇంగ్లీషు చెప్పే ప్రోగ్రాంలో చేరా. హోమ్ పేరు చెప్పను.

మొదటిరోజు బోర్డు మీద మనిషి బొమ్మ గీసి కన్ను, ముక్కు, చెవి అని ఒక్కోటీ ఇంగ్లీషులో చెప్పిద్దామని మొదలుపెట్టా. ముందు వరసలో ఎనిమిదేళ్ళ పాప, నేను ఇంకా బాణం గుర్తు గీయకముందే పదాలన్నీ వరసపెట్టి చెప్పేసింది. సరే బాగా వచ్చే పిల్ల అనుకుని నోట్‌బుక్ తీసి చూశా. అదే మనిషి బొమ్మ, అవే పదాలు, నాలుగు చోట్ల ఉన్నాయి, ఒక్కోదాని కింద ఒక్కో చేతిరాతతో 'గుడ్' అని రాసి తేదీ వేసి ఉంది. మొదటి తేదీకీ చివరి తేదీకీ మధ్య రెండేళ్ళు. అంటే ఒక్కో దేశం నుంచి ఒక్కొక్కరు వచ్చి, మనసు పెట్టే, అదే మొదటి పాఠం చెప్పి వెళ్ళిపోయారు. ఆ పాపకి రెండేళ్ళుగా ఎవరూ రెండో పాఠం చెప్పలేదు. అయిదో మనిషిని నేను.

తర్వాత దీని గురించి చదివితే ఇంకా బాధేసింది. కంబోడియాలో 2011లో యునిసెఫ్ వాళ్ళు ప్రభుత్వంతో కలిసి అనాథాశ్రమాల మీద ఒక అధ్యయనం చేస్తే, అక్కడుండే ప్రతి నలుగురు పిల్లల్లో ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నట్టు తేలింది. అనాథలు తగ్గుతున్నా ఆశ్రమాలు మాత్రం పెరిగాయి, ఎందుకంటే టూరిస్టులు, వాలంటీర్లు డబ్బులు ఇస్తారు, డబ్బులు రావాలంటే లోపల పిల్లలు ఉండాలి. ఆ దేశంలోనే 'పిల్లలు టూరిస్టు స్పాట్లు కాదు' అని పెద్ద ప్రచారం నడిచింది. ఆస్ట్రేలియా ఐతే 2018లో ఆధునిక బానిసత్వం మీద చట్టం తెచ్చినప్పుడు ఇలా ఆశ్రమాల కోసం పిల్లల్ని తరలించడాన్ని కూడా అందులో లెక్కలోకి తీసుకుంది.

అందుకే మొదటి రూల్ ఇది, దీంట్లో మాత్రం నేను రాజీపడను: మీ దగ్గర ఉన్నది వారం పది రోజులే ఐతే అనాథాశ్రమాలు, పిల్లల హోమ్‌లు, చిన్నపిల్లల క్లాసులు వద్దు. ఎంత మంచి ఫోటోలు పెట్టినా వద్దు.

మరి ఏది పనికొస్తుంది? నేను వాడే ప్రశ్న ఒకటే, నేను వెళ్ళిపోయిన మర్నాడు అక్కడ ఏమవుతుంది? పిల్లలకి దగ్గరై వదిలేసి వస్తే మర్నాడు వాళ్ళకి ఒక మనిషి తగ్గుతారు. అదే గడ్డి కోసి, గోడకి ఇటుకలు అందించి, బీచ్‌లో చెత్త ఏరి వస్తే మర్నాడు ఇంకొకరు అక్కడినుంచి అందుకుంటారు, పని ఆగదు, ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఇంకో రకం కూడా ఉంది, మీకున్న విద్యని అక్కడి మనిషికి నేర్పి రావడం. మాది అనంతపురం జిల్లా, స్పెయిన్‌కి చెందిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో వచ్చి మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవాసంస్థ వల్ల చిన్నప్పట్నుంచీ స్పెయిన్ వాళ్ళని చూస్తూనే పెరిగాం. మా బంధువుల ఇంటి పక్కన ఒక బాబుకి కాళ్ళు బిగుసుకుపోయే జబ్బు, ఒకసారి ఒక స్పెయిన్ ఫిజియోథెరపీ ఆమె వచ్చి బాబుకి తను ఎక్సర్‌సైజు చేయించకుండా, వాళ్ళమ్మ చేతులు పట్టుకుని ఎక్కడ ఒత్తాలి ఎంత వంచాలి అని ఆమెతోనే చేయించింది. ఒక మధ్యాహ్నం అంతే. ఆమె ఎప్పుడో వెళ్ళిపోయింది, ఆ అమ్మ మాత్రం రోజూ పొద్దున్నే చాప వేసి చేయిస్తూనే ఉండేది. మీరు డాక్టరో, నర్సో, అకౌంటెంటో, నెట్‌వర్కింగ్ తెలిసినవాళ్ళో ఐతే ఇలా వెళ్ళండి, నేర్చుకునే మనిషి అక్కడ పర్మనెంట్‌గా ఉన్నారా లేదా అన్నది మాత్రం ముందే కనుక్కోండి.

2. ఉన్న రోజుల్ని బట్టి దారి చూసుకోండి

రెండు మూడు వారాలు దొరికితే వర్క్ క్యాంపులు చూడండి, అంటే రకరకాల దేశాలవాళ్ళు ఒకచోట ఉండి కలిసి ఏదో ఒక పని చేసే శిబిరాలు. ఇవి కొత్తవి కావు, మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక పియర్ సెరెసోల్ అని ఒక స్విట్జర్లాండ్ ఇంజనీరు 1920లో ఫ్రాన్స్‌లో వెర్డున్ దగ్గర నేలమట్టమైన ఒక పల్లెని మళ్ళీ కట్టడానికి కొంతమందిని తీసుకెళ్ళాడు, యుద్ధంలో ఎదురెదురుగా ఉన్న దేశాలవాళ్ళు కూడా అందులో ఉన్నారు. సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అలా పుట్టింది. 1934 జనవరిలో బీహార్‌లో భూకంపం వస్తే అదే మనిషి ఇక్కడికీ వచ్చి ఇళ్ళు కట్టే పనిలో దిగాడు, ఒక్కసారి వచ్చి వదిలేయకుండా 1937 దాకా మళ్ళీ మళ్ళీ వచ్చాడు. వీళ్ళకి ఇండియాలో కూడా శాఖ ఉంది. మామూలుగా ఇక్కడి శాఖ ద్వారానే బయటి దేశాల క్యాంపులకి అప్లై చేస్తారు, ఒక ఫీజు కట్టాలి, అక్కడ తిండీ పడుకోడానికి చోటూ వాళ్ళే చూస్తారు.

పొలం పని ఇష్టమైతే వూఫ్ (WWOOF) అనే ఏర్పాటు ఉంది. దీని పుట్టుక మనలాంటివాళ్ళ కథే, 1971లో లండన్‌లో సూ కాపర్డ్ అనే సెక్రటరీకి వారమంతా ఆఫీసు, ఊపిరాడక వీకెండ్ పల్లెకి వెళ్ళి సేంద్రియ పొలంలో పనిచేద్దామనుకుంది, శని ఆదివారాల కోసం మొదలైన ఆ ఏర్పాటే తర్వాత దేశదేశాలకి పాకింది. రోజుకి నాలుగు నుంచి ఆరు గంటలు పని, బదులుగా భోజనం, బస. కానీ వీసా దగ్గర ఇది కొంచెం చిక్కు, కింద చెప్తా.

ఆన్‌సైట్‌లో అమెరికాలోనో ఇంకెక్కడో ఉన్నవాళ్ళు వేరే ట్రిప్ పెట్టుకోనక్కర్లేదు, ఫుడ్ బ్యాంకుల్లో రెండు మూడు గంటల షిఫ్టులు ఉంటాయి, వెళ్ళి డబ్బాలు సర్ది రావచ్చు. అసలు కదల్లేని వాళ్ళకి ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఆన్‌లైన్ వాలంటీరింగ్ ఉంది, ఇంట్లో కూర్చునే చేయొచ్చు, ఇంట్లో పెద్దవాళ్ళని చూసుకోవాల్సినవాళ్ళకి నేను అదే చెప్తా.

ఒక్క వారమే ఉంటే, వారం వారం పద్ధతిగా కొత్త బ్యాచ్‌ని తీసుకునే చోటుకే వెళ్ళండి, ఎందుకంటే వాళ్ళకి కొత్తవాళ్ళతో పని చేయించుకోవడం అలవాటు, మీకు నేర్పడానికి వాళ్ళ పని ఆపుకోరు. నేను వెళ్ళింది అలాంటిదే, థాయ్‌లాండ్‌లో చియాంగ్‌మాయ్‌కి ఉత్తరంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో మేటెంగ్ లోయలో ఉన్న ఎలిఫెంట్ నేచర్ పార్క్. థాయ్ ప్రభుత్వం 1989లో అడవుల్లో చెట్లు నరకడం ఆపేసింది, అప్పటిదాకా దుంగలు లాగిన ఏనుగులకి పని పోయి వీధుల్లో అడుక్కోడానికీ, టూరిస్టుల సవారీకీ, సర్కస్ ఆటలకీ వచ్చిపడ్డాయి. వాటిల్లో దెబ్బలు తిన్నవాటిని, ముసలివాటిని లెక్ చైలెర్ట్ అనే ఆవిడ తెచ్చి పెంచుతోంది. ఏనుగుల దగ్గరకి ఎక్కడికి వెళ్ళినా ఒకటే గుర్తు పెట్టుకోండి: సవారీ ఉందంటే, ఏనుగు బొమ్మలు గీస్తుందంటే, ఫుట్‌బాల్ ఆడుతుందంటే ఆ చోటు వద్దు.

3. లీవ్ లెక్క

అయిదు లీవులు పెడితే అటూ ఇటూ శని ఆదివారాలతో 9 రోజులు. చాలా ప్రోగ్రాంలు సోమవారం మొదలై ఆదివారం అయిపోతాయి, కాబట్టి శుక్రవారం రాత్రో శనివారమో హైదరాబాద్‌లో ఎక్కి ఆదివారం కల్లా అక్కడ ఉండాలి. బ్యాంకాక్‌కి నేరుగా ఐతే నాలుగు గంటల లోపే, అక్కడ్నుంచి చియాంగ్‌మాయ్‌కి ఇంకో గంటంబావు. తిరిగొచ్చేటప్పుడు ఆదివారం మధ్యాహ్నం వదులుతారు, అదే రాత్రి ఫ్లైట్ పట్టుకుని సోమవారం పొద్దున్నే ఆఫీసు అంటే ఒళ్ళు సహకరించదు, ఆరో లీవ్ కూడా పెట్టుకోండి. రిపబ్లిక్ డే లాంటి సెలవు సోమవారమో శుక్రవారమో పడితే ఆ వారం చూసుకోండి.

సీజన్ చాలా ముఖ్యం. చియాంగ్‌మాయ్‌కి నవంబర్ నుంచి జనవరి మంచిది. ఫిబ్రవరి చివర్నుంచి ఏప్రిల్ దాకా పొలాలు అడవులు తగలబెట్టే పొగ, ఉబ్బసం ఉన్నవాళ్ళు అసలు వద్దు. వానాకాలంలో వరదలు కూడా వస్తాయి, 2024 అక్టోబర్‌లో ఆ పార్కు మునిగిపోయి వందకి పైగా ఉన్న ఏనుగుల్ని ఎత్తుకి తోలాల్సొచ్చింది, రెండు చనిపోయాయి. ఆ వార్త చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

4. డబ్బు కట్టేముందు ఒక మెయిల్ పెట్టండి

డబ్బెందుకు కట్టాలి, పని చేసేది మనమే కదా అని మా నాన్న అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మీరు తినే తిండి, పడుకునే గది, మీకు పని చూపించే మనిషి జీతం, ఇవన్నీ వాళ్ళ మీద పడకూడదు కాబట్టి ఫీజు ఉంటుంది, ఫీజు ఉండటం తప్పు కాదు. కానీ అది ఎవరికి వెళ్తోంది అన్నది చూడాలి. మధ్యలో ఏజెన్సీ ఉంటే సగం వాళ్ళ దగ్గరే ఆగిపోయిన సందర్భాలు విన్నా, నేపాల్‌లో నాకూ అదే జరిగింది, నేను కట్టినదాంట్లో హోమ్‌కి ఎంత చేరిందని అడిగితే ఏజెన్సీ వాళ్ళు ఒకటి, హోమ్ వాళ్ళు ఒకటి చెప్పారు. వీలైనంత వరకు ఆ సంస్థకే నేరుగా రాయండి.

మెయిల్‌లో ఇవి అడగండి: రోజుకి ఎన్ని గంటలు ఏం పని, నేను రాకపోతే ఆ పని ఎవరు చేస్తారు, స్థానికులు ఎంతమంది జీతానికి పనిచేస్తున్నారు, నా ఫీజులో దేనికి ఎంత, మా దేశం వాళ్ళకి ఏ వీసా కావాలి. రెండో ప్రశ్నకి వచ్చే జవాబు జాగ్రత్తగా చదవండి. జీతమిచ్చి స్థానికులతో చేయించుకోగలిగే పనిని మీతో డబ్బు కట్టించుకుని చేయిస్తున్నారంటే అక్కడ ఎవరో ఒకరి కూలి పోతున్నట్టు లెక్క. గోడలకి రంగులు వేయించే ప్రోగ్రాంలు కొన్ని అలాంటివే.

ఇంకో లెక్క కూడా మీకు మీరే వేసుకోండి. టికెట్లు, ఫీజు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి నాకు 90 వేల దాకా అయింది. ఆ డబ్బు ఊరికే పంపిస్తే ఎక్కువ ఉపయోగమా? కొన్ని చోట్లకి నిజంగానే ఎక్కువ ఉపయోగం, భూకంపం, వరద లాంటివి వచ్చిన వెంటనే ఐతే కచ్చితంగా డబ్బే పంపండి, శిక్షణ లేని మనం వెళ్తే అక్కడున్న తిండీ నీళ్ళూ గదులూ మనమే వాడేస్తాం. మామూలు రోజుల్లో వాలంటీర్ ఫీజుల మీదే నడిచే చోట్లు కొన్ని ఉంటాయి, అక్కడ మీరు వెళ్ళడమే వాళ్ళకి ఆదాయం.

5. వీసా, టీకాలు, బ్యాగు

జీతం లేదు కదా టూరిస్టు వీసా చాలు అనుకోకండి. చాలా దేశాల్లో జీతం లేకపోయినా పని పనే. బ్రిటన్‌లో విజిటర్ వీసా మీద రిజిస్టర్ అయిన ఛారిటీలో మొత్తం 30 రోజుల దాకా, అదీ వచ్చిన అసలు పనికి పక్కపనిగా మాత్రమే చేయొచ్చు, పొలంలో పనిచేసి బదులుగా బస తీసుకోవడం ఇందులోకి రాదు. అందుకే ఏ వీసా మీద రావాలో సంస్థతో రాతపూర్వకంగా చెప్పించుకోండి, ఆ దేశపు ఎంబసీ వెబ్‌సైట్‌తో సరిచూసుకోండి, ఇమిగ్రేషన్ కౌంటర్‌లో అబద్ధం చెప్పాల్సొచ్చే ప్రోగ్రాం ఐతే వదిలేయండి. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు మిగిలుండాలి. థాయ్‌లాండ్‌కి 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డు ముందే ఆన్‌లైన్‌లో నింపాలి, దానికి డబ్బులుండవు, ఎవరైనా అడిగితే అది వేరే సైటు.

డాక్టర్ దగ్గరకి కనీసం నెలన్నర ముందు వెళ్ళండి. టీటీ, టైఫాయిడ్, హెపటైటిస్ ఏ గురించి అడగండి. జంతువుల దగ్గర పనైతే ముందుగానే వేయించుకునే రేబిస్ టీకా గురించి కూడా అడగండి, అది ఒక్క డోసుతో అయిపోదు, మధ్యలో రోజులు కావాలి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు శారీరక పని చేస్తూ దెబ్బ తగిలితే ఇస్తారా అని అడిగి తీసుకోండి, మామూలు టూరిస్టు పాలసీల్లో అది ఉండకపోవచ్చు.

బ్యాగులో పాత బట్టలు, టార్చి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, మీరు రోజూ వేసుకునే మందులు ప్రిస్క్రిప్షన్‌తో సహా. దుబాయ్ మీదుగా వెళ్ళేవాళ్ళు గసగసాలు కలిసిన మసాలా పొడి పొరపాటున కూడా పెట్టుకోకండి, అక్కడ అది నేరం. పప్పుల పొడి, ఆవకాయ చెకిన్ లగేజీలో గట్టిగా ప్యాక్ చేయండి. ఏనుగుల పార్కులో మాంసం ఉండదు, కూరగాయల భోజనమే, నాలుగైదు రకాలు పెడతారు, మా ఇంట్లో శాకాహారులైన అత్తయ్యలాంటివాళ్ళకి కూడా ఇబ్బంది ఉండదు.

వెళ్ళేముందు మీ ఊళ్ళోనే రెండు వీకెండ్లు ఇలాంటి పని చేసి చూడండి. హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ ఉంది, విశాఖ వైపు వాళ్ళకి జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, గుడ్లు కాపాడే బృందాలతో తిరగొచ్చు. ఆ పని మీకు పడుతుందో లేదో ఇక్కడే తెలిసిపోతుంది.

6. అక్కడికెళ్ళాక

పొద్దున ఏడింటికి మా బ్యాచ్‌కి లద్దెలు ఎత్తే పని. ఒక్క పెద్ద ఏనుగు రోజుకి సుమారు 150 కిలోలు తింటుంది, దాన్నిబట్టి ఎంత ఎత్తాలో ఊహించుకోండి. అది అయ్యాక లారీలో వచ్చిన పుచ్చకాయలు, గుమ్మడికాయలు వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ దించడం, కడగడం. ఇంకోరోజు మొక్కజొన్న చొప్ప కోయడం, ఎండ మన మే నెలలాగే ఉంటుంది, నడుము లాగేస్తుంది.

నాకు బాగా గుర్తుండిపోయింది ముద్దలు చేసే పని. ఏనుగుకి జీవితంలో ఆరు విడతలుగా దవడ పళ్ళు వస్తాయంట నమలడానికి, ఆరో విడతవి అరిగిపోయాయంటే ఇక నమల్లేదు, అడవిలో ఐతే ఆకలితోనే పోతుంది. అందుకని ముసలివాటికి జిగురు బియ్యం ఉడకబెట్టి అరటిపండ్లు కలిపి ముద్దలు చేస్తారు. అమ్మమ్మ పప్పన్నం కలిపినట్టే, చేత్తో బాగా పిసికి, గట్టిగా ఉన్న ముక్క ఒక్కటి కూడా లేకుండా చూడాలి. మావటి ఒకాయన నేను చేసిన ముద్ద తీసుకుని వేలితో నొక్కి చూసి, లోపల గట్టిగా తగిలిన పండు ముక్క తీసి పక్కన పెట్టి, మళ్ళీ చేయమని తిరిగిచ్చాడు. ఆయన ఇంగ్లీషు ఒక్క ముక్క మాట్లాడలేదు, నాకు థాయ్ రాదు. రెండోసారి చేసింది తీసుకున్నాడు. తొండంతో అందుకుని నోట్లో పెట్టుకున్నాక ఆ ఏనుగు కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే నిలబడింది.

కాబట్టి అక్కడ చెప్పింది చెప్పినట్టు చేయండి, మీ ఐడియాలు మొదటి మూడు రోజులు మీ దగ్గరే ఉంచుకోండి. ఏనుగుని ముట్టుకునే అవకాశం రాలేదని కొంతమంది అలిగారు, అలగకండి, దానికి అవసరమైంది మీ చెయ్యి కాదు, ఆ ముద్ద. మనుషుల ఫోటోలు అడక్కుండా తీయొద్దు, పిల్లలవైతే అడిగి కూడా తీయొద్దు. ఒళ్ళు బాగోకపోతే మొహమాటపడి పనిలో దిగకండి, కళ్ళు తిరిగి పడితే మిమ్మల్ని మోసుకెళ్ళడానికి ఇద్దరు పని ఆపాలి.

7. వచ్చేముందు

చివరిరోజు ఒక అరగంట కూర్చుని మీరు చేసిన పని రాసిపెట్టండి, ఎక్కడిదాకా కోశారు, ఏ పనిముట్టు పాడైంది, ఏ పని ఎలా చేస్తే తొందరగా అయింది, సోమవారం వచ్చే బ్యాచ్‌కి పనికొస్తుంది. నేపాల్‌లో మా అయిదుగురిలో ఒక్కరు ఈ పని చేసున్నా ఆ పాపకి రెండో పాఠం మొదలయ్యేది. మీరు కొనుక్కున్న గమ్ బూట్లు, గ్లౌజులు కడిగి ఆరబెట్టి, బూట్ల సైజు ఒక చీటీ మీద రాసి లోపల పెట్టి అక్కడే వదిలేసి రండి, ఎలాగూ ఇంటికి తెస్తే లగేజీ బరువే. నావి ఎనిమిదో నంబర్.